కాకిబంగారము, అభ్రకము: ఒక పదవిమర్శ

శాస్త్రమును తెలుగులో చెప్పబూనినవారికి మొదట ఎదురగు చిక్కు పారిభాషిక పదముల చిక్కు. ఇంగ్లీషు పదమును తెలుగు లిపిలో వ్రాసికొనిన చాలునని కొందరందురు. ప్రతిదానికిని సంస్కృతమునుండి క్రొత్త పదమును కల్పింపవలెనని మరికొందరందురు. ఈ వాదము గాలిలో సాగినంతకాలము తెగదు. ఒక వస్తువును చేతబట్టి, దాని పేర్లను ఒక్కొక్కటిగా పరీక్షించినచో, ఏ పక్షమున ఎంత నిజమున్నదో తేలును. అందుకు అభ్రకము తగిన వస్తువు. గ్రానైటు రాళ్లలోను, ఏటి ఇసుకలోను తళతళలాడు ఈ ఖనిజమును చూడనివారు అరుదు. గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతములవారికి ఇది గనుల వస్తువు కూడ. అక్కడి అభ్రకము ఆకుపచ్చ ఛాయకు పేరుపొందినది.

దీని పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. సంస్కృతమున 'అభ్రము' అనగా మబ్బు. అభ్రకము దానినుండి పుట్టినది. హిందీలోని 'అబ్రక్' దాని రూపాంతరమే. చైనావారు దీనిని 'యున్‌ము' అందురు. అక్షరార్థము 'మబ్బుతల్లి'. జర్మను పేరు 'గ్లిమ్మర్', అనగా మినుకుమినుకుమనునది. ఇంగ్లీషువారి 'మైకా' లాటినునుండి వచ్చినది. లాటినులో ఆ పదమునకు తునక, రవ్వ అని అర్థము. మెరయుట అను అర్థముగల 'మికారె' అను క్రియతో పోలిక ఉండుటచేత ఈ మెరయు రాతికి ఆ పేరు అతుకుకొన్నదని పండితులు భావింతురు.

మన పల్లెజనుల పేరు వేరు. వారు దీనిని 'కాకిబంగారము' అందురు. కన్నడిగులు 'కాగెబంగార', తమిళులు 'కాక్కాయ్‌పొన్' అందురు. ఇందు కాకి అనగా పక్షి కాదు, నకిలీ. కాకిలెక్కలు అన్నప్పుడున్న కాకి ఇదే. ఇంతకన్న వింత యొకటి కలదు. నార్వే దేశస్థులు దీనిని 'కాకివెండి' అను అర్థము వచ్చు పేరుతోనే పిలుతురు. జర్మనులకు, స్వీడనువారికి ఇది 'పిల్లిబంగారము'. పేర్లు కలిసినవి గదా అని ఈ భాషలకు చుట్టరికము కట్టుట తప్పు. నల్ల అభ్రకము ఎండకు వానకు శిథిలమైనపుడు బంగారు రంగు తిరుగును. ఎక్కడి మనిషియైనను దానిని చూచి మొదట ఆశపడును, పిదప మోసపోయితినని గ్రహించును. కారణ మొకటే గనుక పేరును ఒకటే వచ్చినది.

ఇప్పుడు విమర్శకు వత్తము. ఈ పేర్లన్నియు కంటికి తోచిన దానినే చెప్పినవి. అభ్రకమునకు ప్రాణమువంటి గుణము మెరుపు కాదు, రేకులుగా విడిపోవుట. 1930లో లైనస్ పౌలింగ్ దీని అంతర్నిర్మాణమును వివరించెను. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులతో అల్లిన రెండు పొరల నడుమ అల్యూమినియము వంటి లోహముల పొర యొకటి ఇమిడి గట్టి దొంతరగా ఏర్పడును. దొంతరకును దొంతరకును నడుమ పొటాషియము అయానులు మాత్రముండును. అక్కడి బంధము బలహీనము. కనుకనే గోటితో అభ్రకమును రేకులుగా లేపవచ్చును. ఈ గుణము 'మైకా' అను పేరులో లేదు. పైగా పలకలుగా దొరకు వస్తువునకు రవ్వ అని పేరు! ఇంగ్లీషు పేరు శాస్త్రీయము, తెలుగు పేరు మోటు అను అభిప్రాయము ఇచట నిలువదు.

మరియొక సంగతి. అరబ్బీ 'తల్క్' నుండి వచ్చిన 'టాల్క్' అను పదమును పూర్వపు ఇంగ్లీషు గ్రంథములలో అభ్రకమునకును, మెత్తని బలపపురాతి ఖనిజమునకును కూడ వాడిరి. తెలుగువారు అభ్రకమును అభ్రకమనియే, బలపపురాతిని బలపపురాయి యనియే పిలిచిరి. రెండింటికిని తేడా సులభము: అభ్రకపు రేకును వంచి వదలిన తిరిగి నిలుచును, టాల్కు రేకు వంగినట్లే యుండును.

అట్లని కాకిబంగారమునకు లోపము లేదనరాదు. అలంకారములకు వాడు తళుకురేకులను కూడ ఆ పేరుతోనే పిలుతురు. అంతేగాక ఆ పేరు వస్తువును పనికిరానిదిగా తీర్పు చెప్పుచున్నది. విద్యుత్తును పారనీయక, వేడికి ఓర్చుకొను గుణముచేత ఇస్త్రీపెట్టెలో వేడెక్కు తీగకు ఆధారముగా నిలిచినది ఈ 'నకిలీ' వస్తువే. ఆ పనికి అసలు బంగారము పనికిరాదు.

సంస్కృతీకరణ వాదులు తెల్లదానిని శ్వేతాభ్రకము, నల్లదానిని కృష్ణాభ్రకము అందమందురు. ఇదియు ప్రమాదమే. ముస్కొవైటు పలుచని రేకుగా నున్నప్పుడు వర్ణరహితము. దళసరి పలకగా నున్నప్పుడు ఎర్రగనో, ఆకుపచ్చగనో ఉండవచ్చును. రంగునుబట్టి జాతిని నిర్ణయింపరాదు. మన రసశాస్త్రకారులే రంగుతో తృప్తిపడక, అగ్నిలో వేసి పరీక్షించి పినాకము, దర్దురము, నాగము, వజ్రము అని అభ్రకమును నాలుగు విధములు చేసిరి. నిప్పులో రేకులు విచ్చునది పినాకము, కప్పవలె ధ్వనించునది దర్దురము, పామువలె బుసకొట్టునది నాగము, మార్పు చెందనిది వజ్రము. ఈ నాలుగును నేటి ఖనిజజాతులతో సరిగా సరిపోవునని చెప్పరాదు గాని, చూపుకన్న పరీక్ష మేలను బుద్ధి అందున్నది. ఆ బుద్ధిని విడిచి వారి భాషను మాత్రము తెచ్చుకొనుట వారిని అనుసరించుట కాదు.

కనుక చేయదగిన దేమి? కుటుంబమునకంతటికి అభ్రకము అను పేరు చాలును. జాతులకు అంతర్జాతీయ నామములే ఉంచవలెను. 1847లో ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు బయో పేర వచ్చిన బయొటైటును, రష్యానుండి కిటికీలకు వచ్చిన 'మస్కొవీ గాజు'ను స్మరింపజేయు ముస్కొవైటును అనువదించుటచేత లాభము లేదు. కాని పాఠమును కాకిబంగారముతోనే మొదలుపెట్టవలెను. ఏటి ఇసుకలో దానిని ఏరుకొన్న పిల్లవానికి పుస్తకములోని 'మైకా' మరేదో దేశపు రాయిగా తోచినచో, వానికి రెండు నష్టములు: చేతిలోనున్నది శాస్త్రమని తెలియదు, పుస్తకములోనున్నది చేతిలోనిదేనని తెలియదు. పదము చేయవలసిన పని ఈ రెండింటిని కలుపుటయే.