గారేజీ కౌంటర్ దగ్గరి అనువాదం

టెక్సాస్ గారేజీల్లో కౌంటర్ దగ్గర నిలబడి ఇంగ్లీషు మాటను స్పానిష్‌లో చెప్పే మనిషి పనితనమంటే నాకు భలే ఇష్టం. ఆయిల్ మార్చాలని చెప్పడం సులువే: కాంబ్యో దే అసేయ్తే. చిక్కంతా టైరుతోనే. మెక్సికోవాళ్లకు యాంతా అంటే టైరు. స్పెయిన్‌లో అదే మాటకు చక్రం రిమ్ము అని అర్థం. టైరును అక్కడ నెవుమాతికో అంటారు. బ్రేక్ ప్యాడ్లు మెక్సికోలో బలాతాస్, స్పెయిన్‌లో పస్తీయాస్, అంటే మాత్రలు! జాకీ మాత్రం రెండు చోట్లా గాతోనే, పిల్లి అన్నమాట. అందుకే మంచి అనువాదకుడు నిఘంటువు తెరవకముందే "మీదే దేశమండీ?" అని అడుగుతాడు. బ్రేకుల దగ్గర మాట తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ ఒక్క ప్రశ్న మరవనివాడే నా లెక్కలో అసలైన పనివాడు.