ఎండాకాలమే బొమ్మల కాలం

ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్లకు వానాకాలమే పండుగని చాలామంది అనుకుంటారు. నాకైతే అదే గడ్డుకాలం. జులైలో జనగామ దాటి ఏ చెరువుకట్ట మీద కూర్చున్నా అంతా పచ్చే. నారుమడిది ఒక పచ్చ, పత్తిచేనుది ఇంకో పచ్చ, కట్ట మీది తుమ్మది మరో పచ్చ. ట్యూబులోంచి పిండిన ఆకుపచ్చ వీటిలో దేనికీ సరిపోదు. నారుకు నిమ్మపసుపులో రవ్వంత నీలిమందు రంగు చాలు. తుమ్మకు కాస్త ఎరుపు పడితే గానీ ఆ బూడిదతనం రాదు. పైగా తేమకు కాగితం ఉబ్బుతుంది, మొదటి పూత ఆరదు, మీద ఇంకోటి వేస్తే బురదే.

చలికాలంలో పొగమంచు సగం పని తనే చేసిపెడుతుంది.

ఫిబ్రవరి, మార్చిలో మహబూబాబాద్ వైపు మిర్చి కల్లాలు. దూరానికి ఒకటే ఎరుపు. దగ్గర కూర్చుంటే నిన్న పోసిన కాయ నిగనిగలాడుతుంది, వారం ఎండింది ముడతపడి నల్లెరుపుకు తిరుగుతుంది. తాలు ఏరే ఆడవాళ్ల గడ్డాల కింద, తువ్వాళ్ల అంచుల మీద ఆ ఎరుపు పడుతుంది. అది పట్టుకుంటేనే బొమ్మలోకి ఎండ వచ్చినట్టు.

కొండపల్లి శేషగిరిరావు ఈ ప్రాంతంలోని పెనుగొండలోనే 1924లో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, హైదరాబాద్‌లో ఎందరికో బొమ్మ నేర్పారు. తెలుగుతల్లి చిత్రకారుడిగానే ఎక్కువమందికి గుర్తు. నాకు మాత్రం ఆయన దక్కన్ బండరాళ్లను మనసుపెట్టి గీసిన మనిషి.

ఆ చూపు అక్కరకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. భూపాలపల్లి అడవిలో టేకు ఆకు రాల్చాక నేల ఒంపు, వాగు దారి, బండ మీద బండ బయటపడతాయి. తెల్లారకముందే చేరుకోవాలి, తొమ్మిదయ్యేసరికి నీడలు కుంచించుకుపోతాయి. కుంచె అవతలి అంచుకు చేరేలోపే పూత ఆరిపోతుంది కాబట్టి కాగితం వెనక కూడా తడుపుతాను.

రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. మన గడపలకు పూసే జాజులాంటి ఎరుపే. రాతి చూరు కింద, వాన కొట్టని చోట వేశారు కనుక నిలిచాయి.

అదే భూపాలపల్లి జిల్లాలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పక్కన మట్టిగుట్టలు లేచాయి. మావాళ్లు చాలామంది వాటికి వీపు పెట్టి అడవిని గీస్తారు. వాటినీ వేయాలంటాను నేను. పక్క ఊళ్లో పుట్టిన పిల్లలకు పొద్దున లేస్తే కనిపించే గుట్ట అదే. తొలకరి పడిందంటే ఆ వాలు కోసుకుపోయి చారలు తేలుతుంది, ఇప్పుడున్న రూపు మళ్లీ దొరకదు. అందుకే ఈ మే నెలంతా అక్కడే.