రెండు ఆటల మధ్య

జూన్‌లో సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్‌లో పిల్లల క్యాంపు నడిపేవాళ్ల దగ్గర ప్రతి పూటకీ రెండు టైమ్‌టేబుళ్లు సిద్ధంగా ఉంటాయి. ఎండ కాస్తే ఒకటి, ఉరిమితే ఇంకొకటి. సింగపూర్‌లో ఏడాదికి సగటున 168 రోజులు ఉరుముల వానలే. పిడుగు ప్రమాదం ఉందంటూ ‘క్యాట్ వన్’ హెచ్చరిక వచ్చిందంటే మైదానంలో ఉన్న పిల్లలంతా వెంటనే పైకప్పు కిందికి చేరాలి. గోలు పడబోతున్నా సరే, అప్పటికి ఒక్క చినుకూ రాలకపోయినా సరే.

ఇక హాల్లో ముప్పై మంది. బూట్ల నిండా మట్టి, చేతుల్లో సగం తాగిన నీళ్ల సీసాలు, ఆట మధ్యలో ఆగిపోయిందన్న ఉక్రోషం. హెచ్చరిక ఎప్పుడు ఎత్తేస్తారో తెలియదు. పావుగంట పట్టవచ్చు, గంటన్నర పట్టవచ్చు. కౌన్సెలర్ పనితనం తేలేది అక్కడే.

క్యాంపు బ్రోషర్‌లో ఈ గంట కనిపించదు. గోడ ఎక్కడం, కయాకింగ్, రోబోటిక్స్, బొమ్మలు వేయడం, ఇలా గళ్లు గీసి నింపి ఉంటుంది. తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఆ గళ్లు చూసే. పిల్లల రోజులో మాత్రం గళ్ల మధ్య చోటు చాలా ఉంటుంది. బస్సు కోసం నిలబడటం, భోజనానికి వరస కట్టడం, స్నానాల వంతు, దీపాలు ఆర్పాక నిద్రపట్టని అరగంట. పిల్లలు దెబ్బలాడుకునేది ఆ ఖాళీల్లోనే. ఒకళ్లని అందరూ కలిసి పక్కకు నెట్టేదీ, గుంపులోంచి ఎవరో తప్పిపోయేదీ అప్పుడే. పదేళ్ల తరవాత కూడా నిలిచే స్నేహం మొదలయ్యేదీ అప్పుడే. ఆట ఆడించడం ఎవరైనా వారంలో నేర్చుకోగలరు. రెండు ఆటల మధ్య పిల్లలను కనిపెట్టుకుని ఉండటమే ఈ పనిలో అసలు విద్య.

సింగపూర్ ఉత్తర కొసన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉంటుంది వుడ్‌ల్యాండ్స్. మలేసియాకు దారి వేసిన, 1924లో అధికారికంగా తెరుచుకున్న కాజ్‌వే మొదలయ్యేది ఇక్కణ్నుంచే. 1996 నుంచి సింగపూర్ అమెరికన్ స్కూల్ ఇక్కడే ఉంది. క్రీడాకారులను తయారుచేసే సింగపూర్ స్పోర్ట్స్ స్కూల్ 2004లో వచ్చింది. స్థానిక బడులకు మే చివరి నుంచి నాలుగు వారాల సెలవులు. అమెరికన్ బడికి ఏడాది ముగిసే కాలమూ అదే. అందుకే జూన్ వస్తే ఈ పేటలో రంగు రంగుల క్యాంపు టీషర్టుల పిల్లలు వరసల్లో నడుస్తూ కనిపిస్తారు.

ఆ వరసలు ఎక్కువగా వెళ్లే చోట్లలో అడ్మిరల్టీ పార్కు ఒకటి. 27 హెక్టార్లు. మధ్యలో సుంగై చీనా అనే చిన్న నది, ఒడ్డున మడచెట్లు. గుట్ట మీద పరచిన ఆటస్థలంలో 26 జారుడుబల్లలు. పిల్లలకది పండగ. వాళ్లను తీసుకొచ్చినవాళ్లకు మాత్రం 26 చోట్ల మాయమై 26 చోట్ల తేలే పిల్లలు. అనుభవం ఉన్న కౌన్సెలర్ ముందు ఒకరిని గుట్ట పైన, ఒకరిని కింద, ఒకరిని నది వైపు దారిలో నిలబెట్టాకే పిల్లలను వదులుతారు. లెక్క కూడా అంకెతో పెట్టరు, పేరు పేరునా పిలుస్తారు. ఒకే రంగు టీషర్టు వేసుకున్న పక్క గుంపు పిల్లాడు వచ్చి కలిస్తే అంకె సరిపోతుంది, మన పిల్లాడు మాత్రం ఎక్కడో ఉండిపోతాడు.

ఎండ సంగతీ అంతే. గాలిలో తేమను, ఎండ తీవ్రతను కలిపి కొలిచే వేడిసూచిని 2023 జులై నుంచి సింగపూర్ ప్రభుత్వం మూడు స్థాయులుగా ప్రకటిస్తోంది. అది 33 డిగ్రీలు చేరితే పై స్థాయి. ఆటలో ఉన్న పిల్లాడు దాహమని చెప్పడు. చెప్పేసరికే తల తిరుగుతుంటుంది. అందుకే నీళ్లు అడిగినప్పుడు కాకుండా గడియారం చూసి తాగించాలి.

ఈ పనిలో ఏమరుపాటుకు తావు లేదని చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో, దగ్గర్లోనే ఉన్న యీషున్‌లో, ఎత్తున కట్టిన తాళ్ల మీద నడిచే సాహసక్రీడలో 15 ఏళ్ల విద్యార్థి ప్రాణం పోయింది. ఎత్తు మీద చేసే ఆటలన్నిటినీ బడుల్లో విద్యాశాఖ అప్పట్లో ఆపేసింది. అలాంటి ఆటల్లో ఒంటికి కట్టే హార్నెస్ బకిళ్లను ఒకరు బిగించాక ఇంకొకరు చేత్తో తాకి చూడాలన్న నియమం అలవాటైన వాళ్లకు చాదస్తంలా కనిపిస్తుంది. రోజుకు నలభైసార్లు అదే బకిలు, అదే ప్రశ్న, అదే జవాబు. నలభయ్యోసారి కూడా మొదటిసారి చూసినట్టే చూడగలిగినవాళ్లకే మన పిల్లలను అప్పగించాలి.

ఇంత బాధ్యతను ‘సెలవుల్లో పిల్లలతో ఆడుకునే ఉద్యోగం’ అని తీసిపారేయడం అన్యాయం. సింగపూర్ అలా తీసిపారేయలేదు. స్కౌట్ ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పిల్లలను చిన్న జట్లుగా విడదీసి, జట్టుకో పెద్ద పిల్లాణ్ని నాయకుడిగా పెట్టి ప్రయోగ శిబిరం నడిపాడు. మూడేళ్లకల్లా, 1910లో, స్కౌట్ ఉద్యమం సింగపూర్ చేరింది. 1967లో మంత్రి గో కెంగ్ స్వీ చొరవతో సాహస శిక్షణ ఇచ్చే ఔట్‌వర్డ్ బౌండ్ వచ్చింది. పులావ్ ఉబిన్ దీవి దాని ఇల్లు. 2017 నుంచి సెకండరీ త్రీ పిల్లలకు, వేర్వేరు బడులవాళ్లను కలిపి, ఐదు రోజుల శిబిరాలు పెడుతున్నారు. ఇక వుడ్‌ల్యాండ్స్‌లోనే ఉన్న రిపబ్లిక్ పాలిటెక్నిక్ ఈ పని నేర్పడానికి ఔట్‌డోర్ అండ్ అడ్వెంచర్ లెర్నింగ్ పేరిట మూడేళ్ల డిప్లొమానే పెట్టింది. తాడు ముడులు, ప్రథమ చికిత్స, వాతావరణం ఒక ఎత్తు. గుంపులో ఎవరేం మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడటం లేదో గమనించడం ఇంకో ఎత్తు.

ఈ రెండో ఎత్తు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా ఎన్నో ఇళ్లకు తెలుసు. తడబడే గొంతులను, బెరుకు మొహాలను కూర్చోబెట్టుకుని మైకు దాకా తీసుకెళ్లారు. వాళ్లు మార్కులు వేసే టీచర్ల స్థానంలో నిలబడలేదు, ఇంట్లో కోప్పడే పెద్దల స్థానంలోనూ నిలబడలేదు. మంచి కౌన్సెలర్ నిలబడే చోటు సరిగ్గా అదే. కాస్త పెద్ద, కాస్త మనవాడు. చెప్పిన మాట వినాలనిపించేంత ఎత్తు, మనసులో మాట చెప్పాలనిపించేంత దగ్గర.

రాత్రి క్యాంపుల్లో ఆ దగ్గరతనం మొదటి రాత్రే అక్కరకొస్తుంది. అమ్మ పక్కన తప్ప ఎన్నడూ పడుకోని పిల్ల దిండులో మొహం దాచుకుంటుంది. నలుగురిలో ‘ఎందుకేడుస్తున్నావ్’ అని అడిగితే ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. తెలిసినవాళ్లు అలా అడగరు. ‘టార్చి పట్టుకుని నాతో వస్తావా, తలుపులన్నీ వేశారో లేదో చూసొద్దాం’ అంటారు. చేతికో పని, పక్కన ఓ మనిషి. తిరిగొచ్చేసరికి సగం బెంగ దిగిపోతుంది. బిడియస్థుడైన కుర్రాడికి లెక్క పుస్తకం అప్పగించడం, రెండ్రోజుల్లోనే ముఠా కట్టిన నలుగురినీ వేర్వేరు భోజనాల బల్లల దగ్గర కూర్చోబెట్టడం కూడా ఇలాంటివే. ఎవరూ పక్షపాతమనుకోకుండా, ఎవరి మనసూ నొవ్వకుండా చేయాలి.

ఆ వాన గంటలో, హాల్లో ముప్పై మంది ముందు నిలబడ్డ కౌన్సెలర్ కూడా ఇదే చేస్తారు. ముందు పేర్లు పిలిచి లెక్క చూస్తారు. తడిసినవాళ్లకు తువ్వాళ్లు. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ల సంచీ తమ భుజానే ఉందో లేదో తడిమి చూసుకుంటారు. ఆ తరవాతే కథో, పాటో, అంత్యాక్షరో. ఆట నడుస్తున్నంతసేపూ చూపు మాత్రం గోడవారన ఒంటరిగా కూర్చున్న పిల్ల మీదే. పది నిమిషాల్లో ఆ పిల్లే పాయింట్లు రాస్తుంటే, గంట సార్థకమైనట్టే.

వేసవి క్యాంపుకు పేరు నమోదు చేసే అమ్మానాన్నలు ఏమేం ఆటలున్నాయని అడగడంతో ఆగకూడదు. ఒక్కో పెద్దకు ఎంతమంది పిల్లలు? వాన వస్తే ఏం చేస్తారు? లెక్క ఎప్పుడెప్పుడు, ఎలా పెడతారు? రాత్రి పిల్లల గదుల దగ్గర మెలకువగా ఎవరుంటారు? ప్రథమ చికిత్స శిక్షణ ఎవరికుంది? జవాబులు తడుముకోకుండా వస్తే ఆ క్యాంపు కౌన్సెలర్లకు సరైన శిక్షణ ఇస్తోందని అర్థం.

తెలుగు ఇళ్లలో ఇంకో మాట కూడా మొదలవ్వాలి. సింగపూర్‌లో యూనివర్సిటీకి ముందు ఎ లెవెల్స్ పరీక్షలు రాసిన పిల్లలకు ఫలితాలొచ్చే దాకా రెండు మూడు నెలల ఖాళీ. చాలామంది ఆ నెలల్లో క్యాంపుల్లో సహాయకులుగా చేరతారు. మన ఇళ్లలో మాత్రం ఇంకో కోచింగ్ మాటే ముందు వినిపిస్తుంది. ఒక్క సీజను పన్నెండు మంది పిల్లల బాధ్యత మోసిన పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఓర్పు, ముందుచూపు, ఇతరుల బాధ కనిపెట్టే చూపు అబ్బుతాయి. ఏ కోచింగ్ సెంటరూ వాటిని సిలబస్‌లో పెట్టలేదు. డిసెంబరులో పరీక్షలు ముగించి ‘క్యాంపులో పని చేస్తానమ్మా’ అని ఆ అమ్మాయి అడిగితే, జీతం ఎంత అని కాకుండా శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారని అడిగి పంపించండి.