అసంఘటితం అన్నది ఎవరి మాట?

ఆర్థికవేత్తలకూ, ప్రభుత్వాలకూ, ఎర్రజెండా సంఘాలకూ ఒక మాట మీద మాత్రం పేచీ లేదు: ‘అసంఘటిత రంగం’. 2004-05 నాటికి దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి 92 మందికి ఉద్యోగ భద్రత లేదని అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2007లో లెక్క తేల్చింది. ఆ లెక్కతో మాకు తగాదా లేదు. పేరుతోనే ఉన్నది.

పాలమూరు లేబర్‌ను చూడండి. మక్తల్, నారాయణపేట, కొడంగల్ ఊర్లలోకి గుంపు మేస్త్రీ వస్తడు. పెండ్లికో, బోరుకో, దవాఖానకో పైసలు కావల్సిన ఇల్లు ఏదో ఆయనకు ముందే తెలుసు. అడ్వాన్సు చేతుల పెడతడు. ఆలుమగల్ని జంటగా లెక్కగడతడు. మేస్త్రీ మీద కాంట్రాక్టరు, కాంట్రాక్టరు మీద కంపెనీ. ఎవరి బాకీ ఎంత, ఎన్ని నెలలు చెయ్యాలె, నడుమ ఇంటికొస్తే ఎంత కోత అన్నదంతా పక్కాగా నడుస్తది. ఇది అసంఘటితమా? ఇంత గట్టి కట్టుబాటు ఏ సర్కారు ఆఫీసులో ఉన్నది? మాదిగ, మాల, బోయ, లంబాడీ ఇండ్లనుంచే ఈ గుంపులు ఎక్కువగా ఎందుకు లేస్తయో ‘అసంఘటిత’ అన్న మాట చెప్పదు. ఊర్లో జీతగాణ్ని తయారుచేసిన భూమిలేమే బొంబాయికి లేబర్‌ను తయారుచేసింది. మేస్త్రీ ఒక్కోసారి మన కులపోడే ఉంటడు. చెప్పుకోను ఇబ్బందే, అయినా చెప్పాలె. కాకపోతే ఆయన చేతిలోని పైసలు ఆయనవి కావు.

నల్లగొండదీ ఇదే కథ. 1955లో పునాది వేసిన నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిపొలాలకు పారింది. డ్యాం పక్కనున్న దేవరకొండ మెట్ట తాండాలు మాత్రం హైదరాబాద్ అడ్డాల మీదికి పోయినయి. నగరం వాడుకునేది ఒంట్లో సత్తువున్న ఏండ్లను. పెంచిన ఖర్చు, రోగం ఖర్చు, ముసలితనం ఖర్చు ఊరిదే. దేశానికి చవక శ్రమ అంటే ఇదే గదా!

చట్టం ఈ సంగతి కొంత పట్టుకున్నది. ఆకలి పెట్టే బలవంతం కూడా బలవంతమేననీ, కనీస వేతనం కన్నా తక్కువిస్తే 23వ అధికరణం కింద వెట్టేననీ 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 5 మంది అంతర్రాష్ట్ర వలస కూలీలుంటే చాలు, వాళ్లకు పాస్‌బుక్ ఇవ్వాలనీ, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలనీ 1979 చట్టం అన్నది. 2020లో వచ్చిన కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుని 5ను 10 చేసింది. కాగితం మీద గుంపును ముక్కలు చెయ్యడం ఎంతసేపు? అదే ఏడు లాక్‌డౌన్‌లో దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం సెప్టెంబరులో పార్లమెంటుకు చెప్పింది. లెక్క లేకపోతే నష్టపరిహారం ఎవరికిస్తరు?

పేరు మీద మా పేచీ అందుకే. ‘అసంఘటితం’ అనగానే లోపం కూలీలో ఉన్నట్టు, యజమానే లేనట్టు అయిపోతది. సంఘాలు కూడా ఆ మాట నమ్మి, అడ్వాన్సు ఊసెత్తకుండా సభ్యత్వ రసీదులు కోస్తున్నయి. బాకీ ఉన్న జంట మేస్త్రీని కాదని మీ సభకు ఎట్లొస్తది?