సైకిలు బ్రేకు పళ్లెము: మూడు ప్రశంసలు, వాని విలువ

1953లో ఫ్రాన్సు దేశపు ల మాన్ పందెమున జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలుపొందినది. కార్లలో అట్లు పేరు గాంచిన ఆ బ్రేకు నేడు సైకిలుకును వచ్చినది. హబ్బుకు బిగించిన పలుచని ఉక్కు పళ్లెమును రెండు ప్యాడ్లు ఇరువైపుల నుండి నొక్కి చక్రము నాపును. ఈ పళ్లెమునే దుకాణములలో డిస్కు అనియు, రోటరు అనియు అందురు.

దీనిని కొనబోవువారికి మూడు ప్రశంసలు వినిపించును. పెద్దదైనచో బండి త్వరగా ఆగునట. రంధ్రములు ఎక్కువైనచో త్వరగా చల్లబడునట. అల్యూమినియము చేరినచో మరింత శ్రేష్ఠమట. మూడింటను కొంత సత్యమున్నది, కొంత లేదు. లేని భాగమును నమ్మినవాని పొరపాటు కనుమదారి దిగునప్పుడు గాని బయటపడదు.

మొదటిది పరిమాణము. సైకిలు పళ్లెములు సాధారణముగ 160, 180, 203 మి.మీ. వ్యాసములలో దొరకును. బలమును వ్యాసార్ధముతో హెచ్చించిన భ్రామకము వచ్చును. కనుక వ్రేళ్ల ఒత్తిడి ఒకటే అయినను 203 మి.మీ. పళ్లెము 160 దానికంటె సుమారు 27 శాతము హెచ్చు భ్రామకము నిచ్చును. అయితే బండిని తుదకు నిలుపునది టైరుకును నేలకును గల ఘర్షణయే. చిన్న పళ్లెమే చక్రమును బిగబట్టగలిగినప్పుడు, పెద్దది ఆగు దూరమును తగ్గింపజాలదు. దాని అసలు మేలు వేరు: చేతికి శ్రమ తగ్గును, లోహము ఎక్కువగుటచే వేడి నెమ్మదిగా ఎక్కును.

ఈ వేడి ఎంత? మనిషియు సైకిలును కలిసి 85 కి.గ్రా. అనుకొందము. 100 మీటర్ల దారికి 10 మీటర్లు దిగు వాలులో, సెకనుకు 5 మీటర్ల నిలుకడ వేగమున దిగినచో, సెకనుకు సుమారు 416 జౌళ్ల శక్తి వెలువడును. గాలికి, టైర్లకు కొంత పోగా మిగిలినదంతయు బ్రేకులలో ఉష్ణముగ మారును. 750 వాట్ల ఇస్త్రీపెట్టె వేడిలో ఇది దాదాపు సగము! వేడి మితిమీరినచో ప్యాడ్ల పట్టు సడలును. ద్రవముతో పనిచేయు బ్రేకులలో ఆ ద్రవము మరిగి, పిడి నొక్కినను బండి ఆగకపోవచ్చును.

రెండవది రంధ్రములు. 1.8 మి.మీ. మందముగల పళ్లెములో 3 మి.మీ. వ్యాసార్ధముగల రంధ్రము తొలిచితిమనుకొనుడు. ఇరువైపుల కలిపి 57 చ.మి.మీ. తలము పోవును, రంధ్రపు అంచున 34 మాత్రమే క్రొత్తగా చేరును. అనగా గాలి తగులు తలము తగ్గినదే గాని పెరుగలేదు! వ్యాసార్ధము మందమును మించినప్పుడెల్ల ఇట్లే జరుగును. నీటిని, దుమ్మును తుడిచివేయుటకు, బరువు తగ్గించుటకు రంధ్రములు ఉపకరించును. అయితే తగ్గిన ఆ బరువు వేడిని దాచుకొను లోహమే.

మూడవది అల్యూమినియము. జపానుకు చెందిన షిమానో సంస్థ రెండు ఉక్కు పొరల నడుమ అల్యూమినియము నిడిన పళ్లెములను చేయుచున్నది. ఈ లోహము ఉక్కుకంటె పలురెట్లు చురుకుగా తనగుండ వేడిని చేరవేయును. కావున దీర్ఘమైన దిగుడులో, గాలి బాగుగ తగులునప్పుడు ఇది మేలే. కాని ఒక ఘన సెంటీమీటరును ఒక డిగ్రీ వేడిచేయుటకు ఉక్కునకు సుమారు 3.7 జౌళ్లు కావలెను, అల్యూమినియమునకు 2.4 చాలును. చేరవేయుటలో నేర్పరి, దాచుకొనుటలో పేద. పైగా అది 660 డిగ్రీల సెంటిగ్రేడుకే కరగును.

కనుక ఎన్నిక అందమును బట్టి కాక, తన బరువును, తాను దిగు దారిని బట్టి జరుగవలెను. భారము ఎక్కువగా పడు ముందు చక్రమునకు పెద్ద పళ్లెము తగును. అదియును ఫోర్కు చేసినవారు విధించిన హద్దును దాటరాదు. కొన్ని పళ్లెములకు రెసిన్ ప్యాడ్లే వాడవలెనను సూచన ఉండును, దానిని పాటింపవలెను. అరిగి, తయారుచేసినవారు చెప్పిన కనీస మందమునకు దిగిన పళ్లెమును మార్చవలెను. ఇన్ని లెక్కలకును హైస్కూలు పాఠములే చాలును. ఆ పాఠములు వచ్చినవానిని ప్రశంసలు మోసగింపజాలవు.