పదిహేనో రాయి

ఒసాకాలో నాలుగు రోజుల ఆఫీసు పని ముగిశాక ఒక రోజు మిగిలింది. తోటివాళ్ళు షాపింగుకి వెళ్ళారు. నేను పొద్దున్నే క్యోటో రైలెక్కి, ఓమియాలో దిగి, రాండెన్ అని పిలిచే చిన్న ట్రాము పట్టుకున్నాను. ఇళ్ళ పెరళ్ళని రాసుకుంటూ పోయే బండి అది. ర్యోఆంజి స్టేషన్లో దిగింది నేనూ, కూరల సంచీతో ఒక ముసలావిడా. డిసెంబరు మొదటివారం. ఎర్ర మేపుల్ ఆకులు చాలావరకు రాలిపోయాయి, వాటికోసం వచ్చే జనమూ వెళ్ళిపోయారు.

అక్కడికి వెళ్ళింది తోట కోసం కాదు, ఒక సినిమా కోసం. యసుజిరో ఓజు 1949లో తీసిన 'లేట్ స్ప్రింగ్'లో రెండు మూడు నిమిషాల సన్నివేశం ఒకటి ఈ తోట ముందు జరుగుతుంది. ఆ అరుగు మీద ఒకసారి కూర్చోవాలని చాలా ఏళ్ళ కోరిక.

చెప్పులు బయట వదిలి, మేజోళ్ళతో ఆ చల్లటి చెక్క అరుగు మీద కూర్చున్నాను. నాకన్నా ముందే పదిమంది ఉన్నారు. ఎవరూ మాట్లాడటంలేదు. కాసేపు చూశాక అర్థమైంది, వాళ్ళు ధ్యానం చేయడంలేదు, రాళ్ళు లెక్కపెడుతున్నారు. మొత్తం 15 రాళ్ళు, ఐదు గుంపులు. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనబడతాయని ప్రతి గైడు పుస్తకంలోనూ ఉంటుంది. నేనూ లెక్కపెట్టాను. పద్నాలుగే.

జపాన్ తోట దగ్గరికి వచ్చేసరికి మన యాత్రాకథనాల్లో వాక్యాలు ఉన్నట్టుండి పొట్టివైపోతాయి. మౌనం. శూన్యం. ఇసుక. మాటకో చుక్క. అక్కడిదాకా రైలు ఎక్కడ ఆలస్యమైందో, ఇడ్లీ దొరక్క ఏం తిన్నారో కబుర్లు చెప్పిన రచయిత ఒక్కసారిగా ఋషి అయిపోతాడు. ఎవరినో వేలెత్తి చూపడంలేదు, ఇదే తోట గురించి ఫొటోలు మాత్రమే చూసి నేనూ ఒకప్పుడు అలాంటి వ్యాసం రాశాను. ఇప్పుడు ఆ అరుగు మీద కూర్చుంటే అందులో నిలబడే వాక్యం ఒక్కటీ కనబడలేదు.

తోట చిన్నది. ఇంచుమించు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. తెల్ల కంకర, రాళ్ళు, రాళ్ళ మొదట్లో నాచు, వెనక నూనె కలిపిన మట్టితో కట్టిన పొట్టి గోడ. నూనె ఊరి ఊరి గోడమీద మరకలు దిగాయి. ఈ గుడిని 1450లో స్థాపించినవాడు హోసొకావా కత్సుమొతో. సన్యాసి కాదు, సేనాధిపతి. 1467లో మొదలై పదేళ్ళపాటు క్యోటోని బూడిద చేసిన ఓనిన్ యుద్ధంలో ఒక పక్షానికి నాయకుడు. ఆ యుద్ధంలోనే గుడీ కాలిపోయింది. మళ్ళీ కట్టారు. 1797లో మళ్ళీ మంటలు. ఇప్పుడు మనం కూర్చునే భవనం ఆ తర్వాత వేరేచోటినుంచి తెచ్చి నిలబెట్టింది. తోట ఎవరు చేశారో ఇదమిత్థంగా తెలియదు. ఒక రాయి వెనకవైపు మాత్రం ఇద్దరి పేర్లు చెక్కి ఉన్నాయి. రాళ్ళు మోసిన పనివాళ్ళవే అయుంటాయని అంటారు. అరుగు మీంచి చూసేవాళ్ళకి ఆ పేర్లు కనబడవు.

ఇక జెన్ సంగతి. ఇది జెన్ గుడే, సందేహంలేదు. కానీ ఈ రాళ్ళతోట జెన్ తత్త్వానికి రూపమనీ, శూన్యానికి బొమ్మనీ ఇవాళ మనకి తెలిసిన వ్యాఖ్యానం అంత పాతదేం కాదు. లొరైన్ కక్ అనే అమెరికన్ రచయిత్రి 1935లో క్యోటో తోటల గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం దగ్గర్నుంచి ఆ మాట బయట వినబడటం మొదలైంది, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊపందుకుంది. అంతకు ముందు క్యోటో జనం ఈ తోటని పిలుచుకున్న పేరు వేరు: 'పులిపిల్లల్ని దాటించడం'.

ఆ కథ ఇది. ఒక పులికి మూడు పిల్లలు. అందులో ఒకటి దుడుకుది, తల్లి పక్కన లేకపోతే మిగతావాటిని తినేస్తుంది. ఏరు దాటాలి. తల్లి ఒకసారికి ఒక పిల్లనే నోట కరుచుకుని ఈదగలదు. ఎవర్ని ముందు దాటించాలి, ఎవర్ని వెనక్కి తేవాలి? చిన్నప్పుడు మనల్ని అడిగిన పులి, మేక, గడ్డిమోపు లెక్కే ఇది. కాకపోతే మన లెక్కలో పడవవాడు పరాయివాడు. ఎవరు ఎవర్ని తిన్నా వాడికి నష్టం సరుకులోనే. ఇక్కడ దాటించేది తల్లి, దాటేది పిల్లలు. తెల్ల కంకర ఏరు, రాళ్ళు తల్లీపిల్లలు. అంటే ఈ తోటని వందల ఏళ్ళు చూసినవాళ్ళకి ఇందులో కనబడింది శూన్యం కాదు, పిల్లల్ని గట్టెక్కించే బెంగ.

ఇప్పుడు ఓజు సినిమాకి వస్తాను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. కామకురాలో భార్య పోయిన ప్రొఫెసర్ సొమియా, ఇరవయ్యేడేళ్ళ కూతురు నొరికో ఉంటారు. నొరికోకి పెళ్ళి చేసుకోవాలని లేదు, తండ్రితో ఉంటే చాలు. తను వెళ్ళిపోతే ఆయన్ని ఎవరు చూస్తారని ఆమె పట్టుదల. అప్పుడు తండ్రి తాను మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నానని నమ్మిస్తాడు. అది అబద్ధం. ఆ అబద్ధం మీదే కూతురు పెళ్ళికి ఒప్పుకుంటుంది. పెళ్ళికి ముందు తండ్రీకూతుళ్ళు కలిసి చేసే ఆఖరి ప్రయాణం క్యోటోకి. అక్కడ సత్రంలో రాత్రి పక్కపక్కన పడుకుని మాట్లాడుకుంటూ ఉండగానే తండ్రి నిద్రపోతాడు. నొరికో ముఖం మీద చిరునవ్వు. తర్వాత చీకట్లో ఒక పూలకూజా. మళ్ళీ నొరికో, ఈసారి ఏడుపు ముంచుకొస్తూ. ఆ కూజా గురించి ప్రపంచంలో రాయని విమర్శకుడు లేడు. పాల్ ష్రేడర్ 1972లో రాసిన పుస్తకం తర్వాత ఆ కూజా ఓ చిన్నపాటి పుణ్యక్షేత్రమైంది.

కూజా వెనకే వస్తాయి ఈ రాళ్ళు. వీటిని కూడా కూజాకి కొనసాగింపుగా, ప్రశాంతతకీ అంగీకారానికీ గుర్తుగా చదవడం రివాజు. నా పేచీ ఇక్కడే. ఆ సన్నివేశంలో ప్రశాంతత ఏముంది? రాళ్ళ ముందు ఇద్దరు తండ్రులు కూర్చుని ఉంటారు, సొమియా, ఆయన స్నేహితుడు ఒనొదెరా. ఆడపిల్లని కనడం గురించి మాట్లాడుకుంటారు. కొడుకైతే బాగుండేదని, పెంచి పెంచి పంపేయాలని, వెళ్ళకపోతే బెంగ, తీరా వెళ్తే వెలితి అని. మనం మాత్రం ఎవరో పెంచిన పిల్లల్ని తెచ్చుకోలేదా అని ఒకాయన అంటే ఇద్దరూ నవ్వుకుంటారు. మన ఊళ్ళో పెళ్ళివారింటి అరుగు మీద వినబడే మాటలే. మధ్యమధ్య రాళ్ళు. అక్కడ రాళ్ళు ఊరికే ఉన్నాయని నాకనిపించదు. వాటి పాత పేరు ఓజుకి తెలిసే అక్కడ పెట్టాడని చెప్పలేను. చూసేవాడికి తెలిస్తే మాత్రం ఆ సన్నివేశం మారిపోతుంది. పిల్లల్ని ఏరు దాటిస్తున్న పులి ముందు ఇద్దరు తండ్రులు తమ లెక్క తాము చేసుకుంటున్నారు.

ఇంకో సంగతి కూజా భక్తులు పట్టించుకోనిది. ఆ అరుగు మీద నొరికో లేదు. తనని పంపడం ఆయనకెంత కష్టమో తండ్రి చెప్పింది స్నేహితుడికి, ఆమెకి కాదు. పెళ్ళయ్యాక కూతురి స్నేహితురాలు ఆయాతో కూర్చుని, మళ్ళీ పెళ్ళన్నది తన జీవితంలోకెల్లా పెద్ద అబద్ధమని ఒప్పుకుంటాడు. అప్పుడూ నొరికో లేదు. చివర్లో ఇంటికొచ్చి ఒక్కడే యాపిల్ తొక్క తీస్తూ తల వాల్చేస్తాడు. అది మనకి కనబడుతుంది, ఆమెకి కనబడదు. మిగతా అందరికీ కనబడే ఒక రాయి, ఎవరి కోసమైతే ఇదంతా జరిగిందో ఆమెకి తప్ప.

దీన్ని త్యాగమని పొగుడుతారు. యూనివర్సిటీ రోజుల్లో హైదరాబాదులో ఫిల్మ్ క్లబ్బులో మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పి పంపేయడం ప్రేమెలా అవుతుంది? పెళ్ళిలో సుఖం దొరికేది కాదు, కట్టుకునేదని క్యోటో సత్రంలో తండ్రి చెప్పే ఆ పొడుగాటి మాటలకి జవాబుగా నొరికో చేత ఓజు పలికించింది క్షమాపణ ఒక్కటే. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇంత గొప్ప సినిమాలో అది లోపమేనంటాను. తండ్రికి ఒక అరుగు, ఒక స్నేహితుడు ఇచ్చినవాడు కూతురికీ ఇవ్వాల్సింది.

కానీ ఈసారి నేను కేవలం ప్రేక్షకురాలిగా అక్కడ కూర్చోలేదు. మా నాన్న గుంటూరులో ఒక్కరే ఉంటారు, డెబ్బై ఎనిమిదేళ్ళు. అమ్మ పోయి ఐదేళ్ళు. బెంగుళూరు రమ్మంటే రారు. "నాకేం లోటమ్మా, వంటామె వస్తోంది, ఇంటెడు చాకిరీ చేస్తోంది" అంటారు. ఆ వంటామె దసరానుంచీ రావడంలేదని నేను జపాన్ బయల్దేరేముందు పక్కింటి అత్తయ్యగారు ఫోన్‌లో చెప్పారు. "నేను చెప్పానని అనకు, నాకు నువ్వు మంచిదానివి, ఆయనా మంచాయనే" అన్నారు. నాలుగు రోజులుగా రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను, అడగలేదు.

ఇదంతా సొంత గొడవని తోట మీద రుద్దడం కాదా అని అడగొచ్చు. కావచ్చు. అయితే 'మౌనం' అని రుద్దడం మాత్రం రుద్దడం కాదా? చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1983 ఫిబ్రవరిలో ఇక్కడికొచ్చి, ఈ అరుగు వెంట నడుస్తూ ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి వాటిని అతికించి ఒక పెద్ద చిత్రం చేశాడు. ఒక్కచోట కూర్చుని తీస్తే తోట కోసుగా వంకరపోతుంది. నడుస్తూ తీసినందువల్ల అది అసలున్నట్టు దీర్ఘచతురస్రంగా వచ్చింది. అడుగున మేజోళ్ళు తొడిగిన తన కాళ్ళని కూడా వదలకుండా చూపించాడు. తోట గురించి నేను చూసిన మంచి విమర్శల్లో అదొకటి. చూసేవాడి కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పకుండా ఏం చూశాడో చెప్పడం కుదరదని అందులో ఉంది.

బయటికొచ్చి క్యోయోచి చెరువు చుట్టూ నడిచాను. ర్యోఆంజికి వచ్చేవాళ్ళలో సగంమంది రాళ్ళు లెక్కపెట్టి వెళ్ళిపోతారు, ఈ చెరువు పక్క ఉన్న పార్కులాంటి చోటు ఖాళీగా ఉంటుంది. తోటమాలి ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని నాచులో పడిన ఆకుల్ని వెదురు చీపురుతో, చీపురుకి అందనివాటిని వేళ్ళతో ఏరుతున్నాడు. మనం మౌనమని రాసేది ఈయన పొద్దుటి పని. బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాను. మనకి ఉదయం తొమ్మిదిన్నర.

"ఏం చూశావమ్మా ఇవాళ?"

"రాళ్ళు నాన్నా."

"అంత దూరం పోయి రాళ్ళా? మన కొండవీడులో లేవా?"

"పదిహేనున్నాయి. ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనబడతాయంట."

"కాస్త పక్కకి జరిగి చూడకపోయావా."

"జరిగితే అది కనబడి, ఇంకోటి దాక్కుంటుంది."

నవ్వారు. అప్పుడడిగాను, వంటామె వచ్చిందా అని. వచ్చి వెళ్ళిందన్నారు. ఏం చేసింది అన్నాను. ఒక క్షణం ఆగి, "దోసకాయ పప్పు" అన్నారు. అమ్మ పోయాక ఆయన నేర్చుకున్న వంటలు రెండే. ఒకటి దోసకాయ పప్పు.

ఇరవయ్యేళ్ళు ఓజుతో పోట్లాడుతూ వచ్చాను, నొరికోకి ఎందుకు చెప్పలేదని. చెప్పించే పని నొరికోది కూడా అని నాకెప్పుడూ తోచలేదు. ఆమె ఆ రోజు పక్కకి జరిగి ఉంటే, సత్రంలోంచి లేచి ఆ అరుగు దాకా నడిచి ఉంటే, వేరే సినిమా అయ్యేది. గొప్పగా ఉండేదో లేదో తెలియదు.

మధ్యాహ్నం నిన్నాజి దాకా నడిచి, అక్కడి మెట్లమీద కూర్చుని, తిరుగు టికెట్ మార్చుకున్నాను. బెంగుళూరుకి కాదు, విజయవాడకి. నాన్నకి చెప్పలేదు. అంతవరకు నాదీ అబద్ధమే.