ఉప్పు కొరకు చిందిన రక్తము



కూరలో ఉప్పు తక్కువైనచో మనము గొణుగుకొందుము. అంతేగాని ఉప్పును గూర్చి మనుష్యులు మనుష్యులను చంపుదురని తలంచము. అట్టి ఘోరము 1863 జనవరి మాసమున అమెరికా దేశపు కొండలలో జరిగినది. దానిని ఆధారము చేసికొని రాన్ రాష్ అను అమెరికా రచయిత వ్రాసిన ఆంగ్ల నవల 2006లో వెలువడినది. దాని పేరు ‘ది వరల్డ్ మేడ్ స్ట్రెయిట్’, అనగా తిన్నగా చేయబడిన లోకము. యెషయా 40వ అధ్యాయము ఎరిగిన వారికి ఈ పేరు వినగానే అందలి వాగ్దానము జ్ఞాపకము రాక మానదు. నవలలు చదువుట కాలహరణమని తలంచు పెద్దలు మన సంఘములలో కలరు. వారు కూడ ఈ నాలుగు మాటలు ఓపికతో చదువవలెనని కోరుచున్నాను.

ముందు చరిత్ర చెప్పెదను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము జరిగెను. బానిసత్వమే దానికి మూలకారణము. నార్త్ కరోలినా రాష్ట్రము దక్షిణ పక్షమున చేరెను. అయితే దాని పడమటి కొండలలోనున్న మాడిసన్ కౌంటీలో (కౌంటీ యనగా మన జిల్లా వంటిది) ప్రజలు రెండు పాయలుగా చీలిరి. ఒక ఇంటివారు ఉత్తరపు వారి పక్షమున, పొరుగింటివారు దక్షిణపు వారి పక్షమున నిలిచిరి. ఆ కొండవారు పంది మాంసమును ఉప్పువేసి చలికాలమునకు నిలువ చేసికొందురు. ఉప్పు లేనిచో మాంసము చెడును, పిల్లలు పస్తులుందురు. యుద్ధకాలమున ఉప్పు దొరకుట కష్టమైనందున, షెల్టన్ లారెల్ అను లోయనుండి కొందరు దిగివచ్చి మార్షల్ పట్టణముపై బడి ఉప్పును, ఇతర వస్తువులను దోచుకొనిరి. కర్నల్ లారెన్స్ అలెన్ అను సేనాధికారి ఇంటిలో కూడ చొరబడిరి. అప్పుడాయన బిడ్డలు జ్వరముతో మంచము పట్టియుండిరి. ఆ దినములలోనే వారిలో ఇద్దరు మరణించిరి.

పిమ్మట 64వ నార్త్ కరోలినా దళము ఆ లోయకెక్కెను. ఆ సైనికులలో అనేకులు ఆ కౌంటీవారే. మగవారి జాడ చెప్పుమని స్త్రీలను కొరడాలతో కొట్టిరి. పట్టుబడిన వారిలో 13 మందిని, విచారణకు తీసికొనిపోవుచున్నామని నమ్మించి, దారిలో మోకాళ్లూనించి కాల్చి చంపిరి. వారిలో పలువురు దోపిడికి పోయినవారు కూడ కారు. డేవిడ్ షెల్టన్ అను బాలునికి పదమూడేండ్లే. తల్లి యొద్దకు పోనిమ్మని అతడు బతిమాలుకొనెనని చెప్పుదురు. ఈ పనికి నాయకుడైన జేమ్స్ కీత్ యుద్ధానంతరము రెండేండ్లు చెరసాలలో ఉంచబడెను గాని, 1869లో తప్పించుకొని పోయెను. అతనికి శిక్ష పడనేలేదు.

నవల జరుగునది దాదాపు నూటపదేండ్లకు తరువాత, 1970లలో. ట్రావిస్ షెల్టన్ అను పదునేడేండ్ల కుఱ్ఱవాడు ఆ చంపబడిన వంశములోని వాడు. చదువు మానినవాడు; తండ్రి కాఠిన్యమునకు విసిగినవాడు. చేపలు పట్టబోయి, టూమీ అనువాడు రహస్యముగా పెంచుచున్న గంజాయి తోటను చూచి, మొక్కలు దొంగిలించి అమ్ముకొనును. దొంగతనము మరిగి మరల పోగా ఎలుగుబంటికై పెట్టిన ఇనుప బోనులో కాలు చిక్కుకొనును. ఇల్లు విడిచిన ఆ చిన్నవానికి లెనర్డ్ షూలర్ అను మనుష్యుడు ఆశ్రయమిచ్చును. ఇతడు ఒకప్పుడు ఉపాధ్యాయుడు. నింద మీదపడి ఉద్యోగము పోగొట్టుకొని, మత్తు పదార్థములమ్ముచు బ్రదుకుచున్నవాడు. అయినను అతడే ట్రావిస్‌ను మరల పుస్తకములకు త్రిప్పును. ఊచకోత జరిగిన ఆ బయలునకు తీసికొనిపోయి పూర్వుల కథ తెలుపును. అయితే ఒక్క సంగతి దాచిపెట్టును: తన పూర్వికుడైన వైద్యుడు ఆ చంపిన దళములోనివాడు!

ఆ వైద్యుని లెక్కల పుస్తకము లెనర్డ్ యొద్ద నున్నది. అధ్యాయముల నడుమ దానిలోని పుటలు మనకు కనబడుచుండును. ఏ ఇంట ఎవరికి జ్వరము, ఏమి మందు, ఏమి ప్రతిఫలము ముట్టినది — ఇంతే వ్రాత. ఇందులో దయ్యములు లేవు, అరుపులు లేవు. అయినను నా ఒడలు జలదరించినది ఈ పుటలు చదివినప్పుడే. ఏలయన మంచముప్రక్కన కూర్చుండి నాడి పట్టిన చేయియే, యుద్ధము రాగా, ఆ పొరుగువారిని చంపిన దళముతో నడిచినది. హంతకులు ఎక్కడనుండియో వచ్చిన రాక్షసులు కారు; ఇరుగుపొరుగువారే. ఈ సత్యమును రచయిత ఉపన్యాసము లేకుండ మన యెదుట పెట్టెను. ఇది ఈ నవలయొక్క గొప్పతనము.

లోపములు లేవా? కలవు. పూర్వకాలపు హంతకులలో సయితము పొరుగువాని ముఖము చూపిన రచయిత, తన కాలపు దుష్టుడైన టూమీలో మాత్రము అట్టి ముఖము చాలినంత చూపలేదు. అతడు మనకు తోడేలువలెనే మిగులును. నిన్నటి పాపి మనుష్యుడు, నేటి పాపి మృగము అనుకొనుట మనకందరికి సులభమే. మరియు ఆ లోయలోని స్త్రీల కంఠము ఇంకను వినవలెనని నాకనిపించినది. కొరడా దెబ్బలు తిన్నది వారే. కొండమీద సమాధులు ఏర్పరచుకొన్న కుటుంబములు వారివే. 2 సమూయేలు 21వ అధ్యాయములో, చంపబడిన కుమారుల దేహములను పక్షులు ముట్టకుండ గోనెపట్ట పరచుకొని కాచిన రిస్పా మీకు జ్ఞాపకమున్నది గదా? ఆ కొండలలోని రిస్పాలను గూర్చి ఒక అధ్యాయమైన ఉండిన బాగుండెడిది.

ఇప్పుడు మీతో ఈ మాట చెప్పుటకు కారణమేమో వినుడి. నేను సేవచేసిన ఒక గ్రామ సంఘములో రెండు కుటుంబములవారు ప్రభురాత్రి భోజనమునకు ఒకే వరుసలో మోకరింపరు. ఏమి కారణమని పడుచువారి నడిగితిని. “మాకు తెలియదయ్యగారూ, మా తాతల నాటినుండి అంతే” అనిరి. పెద్దల నడుగగా, పొలము గట్టు తగవులో ఒకని చేయి విరిగినదని మెల్లగా చెప్పి, “పాత సంగతి లెండి అయ్యగారూ, త్రవ్వకండి” అనిరి. నేనును ఊరకుంటిని. శాంతి కొరకే ఊరకుంటినని నన్ను నేను మోసపుచ్చుకొంటిని. నేను ఆ ఊరు విడుచునాటికి కూడ వారి వరుసలు రెండుగానే యుండెను.

ఈ నవల చదివి నా తప్పు తెలిసికొంటిని. కారణము మరచినను పగ చావలేదు. మరచుట వేరు, క్షమించుట వేరు. లెనర్డ్ ఆ కుఱ్ఱవానికి అన్నము పెట్టెను, చదువు చెప్పెను. అయినను దాచిన ఆ ఒక్క మాట వారిరువురి నడుమ మూడవ మనిషివలె కూర్చుండెను. చనిపోయినవారు మనలను పట్టి పీడింపరు. బ్రదికియున్నవారు చెప్పక దాచినదే మనలను పీడించును. తండ్రుల పాపమునకు కుమారులు శిక్షార్హులు కారని యెహెజ్కేలు 18వ అధ్యాయము బోధించుచున్నది. అయినను నెహెమ్యా తన పితరుల పాపమును కూడ తనదిగా ఒప్పుకొనెను. శిక్ష మనది కాకపోవచ్చును. నిజము చెప్పు బాధ్యత మనదే.

కథాంతమును ఇక్కడ చెప్పను. లెక్క తీరుటకు అక్కడ గొప్ప వెల చెల్లించవలసి వచ్చెనని మాత్రము చెప్పెదను. ఆంగ్లము చదువగల మీ పిల్లలచేత దీనిని చదివించి, సాయంకాలము ఇంటిల్లిపాదికి తెలుగులో చెప్పించుకొనుడి. దుర్భాషలు, మత్తు, దౌర్జన్యము ఇందులో కలవు గనుక చిన్నపిల్లల చేతికియ్యకుడి.

మార్కు 9వ అధ్యాయపు చివరి వచనములో ప్రభువు ఉప్పును, సమాధానమును ఒకే మాటలో చేర్చి పలికెను. షెల్టన్ లారెల్ లోయలో ఆ రెండును విడిపోయినవి. మన ఊరిలో అవి కలిసియున్నవా? వచ్చే ప్రభురాత్రి భోజనపు ఆదివారమునకు ముందు, ఎవరి ఇంటి గడప మీ తాతలనాటినుండి మీరు త్రొక్కలేదో జ్ఞాపకము చేసికొనుడి. కారణము తెలిసిన ముసలివారు ఇంకను బ్రదికియుండగానే వారినడిగి, ఆ గడపకు వెళ్లుడి. నేనును ఆ పాత గ్రామమునకు ఒకసారి పోవలసియున్నది.